వెనక అట్ట

వెంకటరామారావు ఫోను వచ్చేసరికి మహబూబ్ అలీ పళ్ల మధ్య సూది ఉంది. మోకాళ్ల సందున పుస్తకాన్ని బిగించి పట్టుకుని దారానికి మైనం రాస్తున్నాడు. బల్ల మీద ఫోను గుర్రుమంటూ దానంతటదే జరిగి జిగురు గిన్నె దాకా పోయింది. మోచేత్తో దాన్ని ఆపి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు.

"ఎంతవరకొచ్చింది మహబూబ్?"

"డెబ్బై ఒకటో సంవత్సరంది కుట్టుడయింది సార్. డెబ్బై రెండు నడుస్తున్నది. ఆదివారం పొద్దుగాల జూలూరుపాడుల మీ ఇంట్ల ఉంటయ్."

"అదే చెబుదామని చేశా. హైదరాబాదు నుంచి ఆ పాత పత్రికలు సేకరించేవాళ్లు కూడా ఆదివారమే వస్తున్నారు. కెమెరా తెచ్చి పేజీ పేజీ ఫొటో తీసుకుంటారంట. ముఖ్యంగా వెనక అట్టలు. అసలు వాళ్లు ఇంతదూరం వచ్చేదే ఆ వెనక అట్టల కోసం."

మహబూబ్ అలీ నోట్లోంచి సూది తీశాడు.

"వెనక అట్టలా సార్?"

"కళాయి సాయిబు బొమ్మలయ్యా. నెలకొకటి, నిండు పేజీ. ఈ రెండేళ్లవీ వాళ్లకి ఎక్కడా దొరకట్లేదంట. నా దగ్గర ఇరవై నాలుక్కి ఇరవై నాలుగూ ఉన్నాయంటే వాళ్ల తరఫున ఫోను చేసిన అమ్మాయి నమ్మలేదు." వెంకటరామారావు కులాసాగా నవ్వాడు. "నువ్వు కూడా తీరిగ్గా చూడు. పడీ పడీ నవ్వుతావు."

మహబూబ్ అలీ ఫోను పెట్టేశాడు. తర్వాత శికంజా మరలు వదులు చేసి, ఆ చెక్కల మధ్య బిగించి ఉన్న డెబ్బై ఒకటి సంపుటాన్ని బయటికి తీశాడు. జనవరి సంచిక చివరికి తిప్పాడు. కథ అయిపోయింది, చందా వివరాలు అయిపోయాయి, ఆ తర్వాత వేలెడు వెడల్పున కోసిన కాగితం అంచు, దాని వెనక ఫిబ్రవరి ముందు అట్ట. ఫిబ్రవరి చివరికి తిప్పాడు. మళ్లీ వేలెడు అంచు. డిసెంబరు దాకా అంతే.

అన్నీ తనే కోశాడు. సోమవారం నాడు, ఇనప స్కేలు ఆనించి, ఫోన్లో ఖవ్వాలీ వింటూ. డెబ్బై రెండువి కూడా అప్పుడే కోసి పెట్టుకున్నాడు.

తిరగలి యాభై ఏళ్ల కిందటి హాస్య మాసపత్రిక. ఆగిపోయి చాలా కాలమైంది. దాన్ని బైండు చేసేటప్పుడు వెనక అట్ట కోసేయాలన్నది ఇల్లందులోని ఈ కొట్టుకు రూలు. "తిరగలికి వెనక అట్ట ఉంచొద్దు బేటా, ఆ కాగితానికి జిగురు పట్టదు," అని వాళ్ల అబ్బా చెప్పాడు, పదకొండేళ్లవాణ్ణి బడి మాన్పించి ఈ బల్ల ముందు కూర్చోబెట్టిన మొదటి నెలలోనే. సూది ఎట్లా పట్టాలో, దారం ఎంత పొడుగు తీయాలో చెప్పినట్టే ఇదీ చెప్పాడు. సూది పట్టడం గురించి ఎవరు మాత్రం రెండోసారి ఆలోచిస్తారు.

వెంకటరామారావు పత్తీ మిర్చీ వేసే ఆసామి. ముప్పై ఏళ్లుగా పాత పత్రికలు పోగేస్తున్నాడు. ఇనప సామాను కొట్లలోంచి, ఎవరెవరి అటకల మీది నుంచో గోనెసంచుల్లో మోసుకొచ్చినవి పన్నెండు వందలున్నాయి. ఆ కాలం మనుషులు ఏం కట్టుకున్నారో, ఏం కొనుక్కున్నారో, దేనికి నవ్వుకున్నారో తెలియాలంటే ఇవే చూడాలని ఇంటికొచ్చిన ప్రతివాడికీ విప్పి చూపిస్తాడు. ముందుగా ఈ రెండేళ్ల తిరగలి ఇచ్చాడు. పని నచ్చితే మిగతావన్నీ ఇస్తానన్నాడు. ఊరూరా స్పైరల్ మిషన్లు వచ్చాక మహబూబ్ అలీ చేతికి అంత పని ఎప్పుడూ దొరకలేదు. రెండేళ్లు తల ఎత్తనక్కర్లేనంత పని.

అయినా ఇప్పుడు మనసులో మెదులుతున్నది ఆ పని కాదు. కళాయి సాయిబు అన్న మాట. సాయిబు బొమ్మల్ని సాయిబే కోశాడు. ఇరవై నాలుగూ, స్కేలు పెట్టి మరీ. కోసేటప్పుడు పైకి కనిపించేది అట్ట లోపలివైపు, తలనూనె ప్రకటన. బొమ్మ కింది వైపు ఉంటుంది. నేను చూడలేదండీ అంటే ఎవడు నమ్ముతాడు. ఈ రోజుల్లో చిన్న మాట చాలు. ఎవడో కోసిన అంచు ఫొటో తీసి పదిమందికీ పంపుతాడు, ఇదిగో చూడండి మన పుస్తకాల్ని ఏం చేశాడో అని. జూలూరుపాడు నుంచి ఇల్లందు రావడానికి ఆ ఫొటోకి బస్సు కూడా అక్కర్లేదు.

బల్ల కింద రద్దీ వేసే చెక్కపెట్టె ఉంది, కోసి పారేసిన చిత్తు కాగితాలన్నీ అందులోకే. వంగి లాగాడు. ఖాళీగా ఉంది.

కొట్టు వెనకే ఇల్లు. సర్వరీ బేగం పప్పు కడుగుతూ ఉంది.

"పెట్టెలది ఏమాయె?"

"రద్దీనా? ముత్తక్కకు ఇచ్చిన జీ. పొద్దుగాల వచ్చి అడిగింది, బజ్జీలకు కాయితం లేదని." భర్త ముఖం చూసి ఆమె చేతులు ఆగిపోయాయి. "ఏమయింది?"

అతను అప్పటికే గడప దగ్గరున్నాడు. చెప్పులు ఒకటి వేసుకుని రెండోది వెతుక్కుంటున్నాడు.

*

బస్టాండు గేటు పక్కన ముత్తక్క బండి. నాలుగున్నర. బొగ్గు బాయి నుంచి వచ్చే షిఫ్టు బస్సు దిగినవాళ్లు బండి చుట్టూ మూగి ఉన్నారు. కడాయిలో మిర్చీలు తేలుతున్నాయి. బండి కమ్మీకి వేలాడుతున్న ఇనప కొక్కానికి కాగితాలు గుచ్చి ఉన్నాయి. మందంగా, నున్నగా, పసుపు తిరిగి.

"ఏంది సాయబన్నా, ఉరికొస్తున్నవ్. బస్సు పోయిందా?" అంది ముత్తక్క, జల్లిగంటె తీయకుండానే.

"బస్సు గాదు ముత్తక్కా. పొద్దుగాల మా ఆమె ఇచ్చిన కాయితాలు..."

"అవ్, మస్తు కాయితం. నూనె తాగుతలేదు. గసొంటియి ఇంక ఉన్నయా?"

అతను అప్పటికే కొక్కెం మీది నుంచి ఒక్కొక్కటీ లాగుతున్నాడు. మధ్యలో బొక్క పడింది ప్రతిదానికీ. దానికి ఏడ్చే తీరిక లేదు. లాగి, బనీను మీదికి చొక్కా ఎత్తి, పొట్టకు ఆనించి పెట్టుకుంటున్నాడు.

"అరె, అన్ని గుంజుకపోతే బజ్జీలు నీ టోపీల పెట్టియ్యాల్నా?"

"తెల్ల కాయితం ఇస్త. కట్ట ఇస్త. జర ఆగు, లెక్క పెట్టనీ."

ఇరవై ఉన్నాయి. మళ్లీ పెట్టాడు. ఇరవయ్యే.

"ఎంతమందికి ఇచ్చినవ్?"

"ఇప్పుడే గదా మొదలువెట్టింది. నలుగురైదుగురు. నాకేం తెలుసు, అది నీ సర్టిఫికెట్టని." ముత్తక్క గంటెతో చూపించింది. "అగో, రూప్‌సింగు తింటున్నడు. అడుగుపో."

రూప్‌సింగ్ తన ఆటోలో వెనక సీట్లో కాళ్లు చాపుకుని ఉన్నాడు. ఒళ్లో కాగితం, కాగితం మీద రెండు మిర్చీలు, ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయల్ని వేలితో జరుపుకుంటూ బొమ్మ చూస్తున్నాడు. మహబూబ్ అలీని చూడగానే ముఖం వెలిగింది.

"సాయబన్నా, ఇటు రా. ఇది జూడు. అచ్చం నీ లెక్కనే ఉన్నది. గడ్డం, లుంగి, గా నడుము వంగుడు గూడ." పక్కన నిలబడ్డ ఇద్దరికీ వినబడేట్టు కింది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ఏదో మేక గురించి. గడ్డం ఇద్దరికీ ఉంది, వీళ్లలో సాయిబు ఎవరని ఆసామి అడగడం. ఇద్దరూ నవ్వారు.

మహబూబ్ అలీ కూడా నవ్వు ముఖం పెట్టుకుని చేయి చాపాడు. ఆ కాగితం కావాలి. కాగితం చేతికొచ్చేదాకా ముఖం అట్లాగే ఉంచాలి. రూప్‌సింగ్ రెండో మిర్చీ తొడిమ దాకా నెమ్మదిగా తిన్నాడు.

"మా లంబాడోళ్ల మీద గూడ ఏసిండ్రా ఇందుల?" అన్నాడు కాగితం ఇస్తూ.

"ఉంటది. ఎవల్ని ఇడిసిపెట్టిండ్రు."

రూప్‌సింగ్ మూతి తుడుచుకున్నాడు. "ఉంటే నాకు జూపియ్యకు," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

బండి పక్కన చెత్త డబ్బా. మహబూబ్ అలీ మోచేతి దాకా చేయి పెట్టాడు. ఆకులు, టీ కప్పులు, నలిగిన కాగితాలు. జనం చూస్తున్నారు. ఒకటి దొరికింది, ఉండ చుట్టి. ఇంకా లోపల ఇంకోటి, చట్నీతో. ఇరవై మూడు.

"ఇంకొకటుండాలె ముత్తక్కా."

"ఓ పెద్దమనిషి పొట్లం కట్టించుకున్నడు. బూర్గంపాడు పోయేటోడు. గా బస్సు పోయి అర్ధగంట అయితున్నది." అతను రోడ్డు వైపు చూస్తూ నిలబడితే ఆమె గంటె పక్కన పెట్టింది. "అంత పెద్ద కాయితమా అది?"

"కాదు," అన్నాడు మహబూబ్ అలీ. "నాది గాదు అది. అదే బాధ."

*

గురువారం పొద్దుటి నుంచీ కొట్టు తలుపు సగమే తెరిచాడు. చాప మీద ఇరవై మూడు అట్టలూ పరిచారు. నూనె తగిలిన వాటి మీద సర్వరీ సుద్దపొడి చల్లి, పైన పాత పేపరు వేసి, ఇస్త్రీపెట్టె వేడి తన చెంపకు దగ్గరగా పెట్టి చూసుకుని, మెల్లగా దింపింది. పేపరు మీదికి నూనె చంద్రవంకలా దిగింది. మళ్లీ సుద్ద, మళ్లీ పేపరు. కొక్కెం బొక్కలకు మహబూబ్ అలీ అదే రంగు కాగితం గోరంత ముక్కలు చింపి, అంచులు నాలుకతో తడిపి పలచన చేసి వెనక నుంచి అతికిస్తున్నాడు. కత్తిరిస్తే అతుకు కనబడుతుంది. చింపాలి.

సర్వరీకి తెలుగు చదవడం రాదు. బొమ్మలు మాత్రం చూస్తోంది.

"ఇది ఎవరు జీ?"

"గిన్నెలకు కళాయి పెట్టేటోడు."

"ఏం జేస్తున్నడు, గిన్నెకు సలాం కొడుతున్నడు?"

అతను చదివాడు. గిన్నెను తోమి తోమి అద్దంలా మెరిపించాడు కళాయి సాయిబు. లోపల తన ముఖమే కనబడితే, అప్పటికే ఇంకో సాయిబొచ్చి కూర్చున్నాడనుకుని వంగి సలాం చేస్తున్నాడు. లోపలివాడు కూడా తిరిగి సలాం చేయడంతో ఎవరు ముందు లేస్తారో తేలక సాయంత్రం దాకా అట్లాగే ఉండిపోయారు. మహబూబ్ అలీకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. నడుము వంపు, ఎత్తిన చేయి, ఎక్కడా ఒక గీత ఎక్కువ లేదు. గీసినవాడి చెయ్యి మంచిది. సర్వరీకి చెప్తే ఆమె కూడా నవ్వింది, ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని.

"ఇది?"

"ఇది... కుక్క వెంటపడ్డది."

"ఇది?"

"ఏం లేదు. ఆసామి భార్య తిడుతున్నది."

"ఇందుల ఆయన ఎందుకు ఏడుస్తున్నడు?"

"ఊరికె."

ఐదారింటి తర్వాత ఆమె అడగడం మానేసింది. అతను చెప్పడం మానేశాడు. ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాడు. దొంగతనం చేసినవి ఉన్నాయి. స్నానం చేయనివి ఉన్నాయి. మిగిలిన అన్నానికి కాళ్లు మొక్కినవి ఉన్నాయి. గిన్నెకు సలాం కొట్టిన మనిషి మళ్లీ ఎక్కడా కనబడలేదు. అన్నిట్లోనూ అదే చక్కటి గీత.

మధ్యాహ్నం అన్నం తింటూ సర్వరీ అంది, "ఒక్కటే గదా పోయింది. ముందుగాలనే లేకుండెనని చెప్పు. ఆయన లెక్కపెట్టి ఇచ్చిండా?"

"ఆయనకు తెలుసు."

"నీకెట్ల తెలుసు ఆయనకు తెలుసని?"

"ముప్పై ఏండ్ల నుంచి చూసుకుంటున్నడు. నీ గాజులు ఎన్నో నీకు తెల్వదా."

ఆమె ఇంకో ముద్ద కలిపింది. "కావాలని కొయ్యలేదని ఒట్టు పెట్టు మరి," అంది. "ఒట్టు పెడితే నమ్ముతరు. నిజమే గదా."

"నిజమే," అన్నాడు.

ఆ మాటతో కొంచెం ఊపిరాడింది. ఆదివారం ఏం చెప్పాలో మనసులో వరస కట్టుకోవడం మొదలుపెట్టాడు. తప్పయింది సార్. అలవాటు చొప్పున చెయ్యి పోయింది సార్. మా కొట్టు రూలు సార్ అది, జిగురు పట్టదు.

*

శుక్రవారం జుమ్మా నమాజులో పక్కవాడి భుజానికి భుజం ఆనించి నిలబడ్డాడు గానీ, వేళ్ల నుంచి మిర్చీ నూనె వాసన వస్తూనే ఉంది. సజ్దాలో నుదురు ఆనించినప్పుడు కూడా ఇరవై మూడు, ఇరవై మూడు అని నడుస్తోంది లోపల. ఇంటికొచ్చి చొక్కా విప్పి, మైదాలో మైలతుత్తం కలిపి గ్యాసు పొయ్యి మీద జిగురు ఉడికించాడు.

పని సన్నది. కుట్టిన వెన్ను విప్పకూడదు. పుస్తకంలో మిగిలిన వేలెడు అంచుకూ, కోసిన అట్టకూ వెనక నుంచి పలచటి కాగితం పట్టీ అతకాలి. కోసిన గీత మీద గీత కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా బొమ్మ వంకర పోతుంది. వెదురు బద్దతో నొక్కి, మైనపు కాగితం మధ్యన పెట్టి, తర్వాతిదానికి పోవాలి. జనవరి. ఫిబ్రవరి. జిగురు ఎక్కువైతే పొంగుతుంది, తక్కువైతే ఊడుతుంది. మార్చి.

ఊడుతుందనే భయం. ఈ కాగితానికి జిగురు పట్టదు కదా. అందుకే జూన్ అతికించాక వెనక్కి తిప్పి జనవరి ఆరిందో లేదో చూశాడు. వేలి కొనతో అంచు పట్టి కొంచెం లాగాడు. కదల్లేదు. ఇంకొంచెం లాగాడు. రాయిలా పట్టుకుని ఉంది.

బహుశా ఇప్పటి మైదా మంచిదేమో అనుకున్నాడు. జూలై అట్ట చేతిలోకి తీసుకున్నాడు. దాన్నీ, పుస్తకంలో జూలై ముందు అట్టనీ పక్కపక్కన పెట్టి బొటనవేలితో రుద్దాడు. ఒకటే నునుపు. ఒకటే మందం. ఒకటి కాకపోవడానికి ఏముంది. ముందు అట్టా వెనక అట్టా ఒకే కాగితం, మధ్యకు మడిచి పిన్ను కొట్టినది. సగానికి జిగురు పట్టి సగానికి పట్టకపోవడం ఎట్లా ఉంటుంది.

బద్ద కింద పెట్టాడు.

నలభై ఏళ్లు. ఈ కాగితాన్ని ఈ చేతులతో మడిచి, కోసి, కుట్టి, ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

కట్టెల పొయ్యి ముందు గొంతుక్కూర్చున్న అబ్బా కనబడ్డాడు. రద్దీ కాగితమంతా గోనెసంచిలోకి పోయేది, అమ్మడానికి. తిరగలి వెనక అట్టలు మాత్రం పోయేవి కావు. వాటిని ఒక పక్కన పెట్టుకుని, జిగురు ఉడికేటప్పుడు ఒక్కొక్కటే పొయ్యిలో పెట్టేవాడు. రంగు కాగితం కాలుతుంటే మంట అంచు పచ్చగా లేచేది. ఆ పచ్చమంట కోసం తను పక్కన కూర్చునేవాడు. ఒకసారి బొమ్మ బాగుంది, నాకియ్యి అబ్బా అని చేయి పెడితే, ఆయన ఆ చేతిని పట్టుకుని అవతలికి జరిపాడు, గట్టిగా కాదు. "జిగురు ఉడకాలె బేటా," అన్నాడు. అంతే అన్నాడు.

ఎంతమంది పెద్దవాళ్ల పుస్తకాలు అవి. ఎవరూ అడగలేదు. అడిగితే జిగురు పట్టదనే మాట సిద్ధంగా ఉంది. కొడుక్కి కూడా అదే మాట ఇచ్చి పోయాడు, నిజం ఇవ్వకుండా.

మహబూబ్ అలీకి ముందు కోపం వచ్చింది. చెప్పి ఉంటే తెలిసి కోసేవాణ్ణి, లేదా తెలిసి కోయకుండా ఉండేవాణ్ణి. ఆ తర్వాత భయం మళ్లీ వచ్చింది, ఇంకో దారిలో. కావాలని కోయలేదని ఒట్టు పెట్టుకోవచ్చని నిన్న అనుకున్నాడు. ఇప్పుడు ఆ ఒట్టు సగమే నిజం. కావాలనే కోసిన కోత ఇది. చెయ్యి మాత్రమే మారింది.

జిగురు మీద మీగడ కట్టింది. కలిపి, జూలై అతికించాడు.

*

ఆదివారం తొమ్మిదింటికి జూలూరుపాడులో వెంకటరామారావు ఇంటి హాల్లో భోజనాల బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన సుజన అనే అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయి, కెమెరాను స్టాండుకు బిగించి కింది వైపు తిప్పుతోంది. గోడ పొడుగునా ఇనప బీరువాలు, వాటి నిండా పత్రికలు. మహబూబ్ అలీ గుడ్డమూట విప్పి రెండు సంపుటాలు బల్ల మీద పెట్టి, కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు.

వెంకటరామారావు వెన్ను మీద బంగారు అక్షరాల్ని అరచేత్తో నిమిరాడు. పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పనంటే ఇదీ. మీ నాన్న ఇమాంసాబు చెయ్యే వచ్చింది నీకు." సుజన వైపు తిరిగాడు. "ముందు వెనక అట్ట చూడండమ్మా. డెబ్బై ఒకటి జనవరి. ఇది మా ఊళ్లో అందరికీ నోటికొచ్చు."

పుస్తకం చెయ్యి దూరాన పట్టుకుని, గొంతు సన్నం చేసి, తల ఒక పక్కకు వాల్చి మొదలుపెట్టాడు. ఆసామి భార్య అడుగుతుంది, గిన్నె ఇచ్చి మూడు రోజులైందేం సాయిబూ అని. "నాకీ పిల్లల్ తొమ్మిది ఉండాయ్ అమ్మగార్. పూటకి ఒక్కడ్ నాకితే మూడ్ రోజుల్ అయితది కదా అమ్మగార్." ప్రతి మాటా నరికి నరికి, చివర గడ్డం ఊపుతూ. బాగా చేశాడు. చాలాసార్లు చేసిన చేత.

వంటింటి గుమ్మంలో టీ పళ్లెంతో ఉన్న ఆయన భార్య రాఘవమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కుర్చీ అంచున ఉన్న మనిషిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మహబూబ్ ఏమీ అనుకోడులే," అన్నాడు వెంకటరామారావు. "మనవాడే. ఆ రోజుల్లో అట్లా నవ్వుకునేవాళ్లం, అందరం కలిసి. ఇప్పుడు ఆ సరదా ఏదీ."

సుజన నవ్వలేదు. ఆమె కాగితం వైపు చూస్తోంది. వంగి, చిటికెన వేలితో అట్ట మొదలు తడిమింది. తర్వాతి నెలకు తిప్పింది. ఆ తర్వాతిదానికి.

"సార్, ఇవి కోసి మళ్లీ అతికించినట్టున్నాయి."

"కోయడమేంటమ్మా?" వెంకటరామారావు పుస్తకం లాక్కున్నాడు. వేలు ఆనించాడు. రెండో సంపుటం తీసి గబగబా తిప్పాడు. ఏప్రిల్ మీద నూనె నీడ. జూలై తర్వాత ఆగాడు. "ఆగస్టు ఏది?"

పుస్తకాన్ని కుర్చీ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"మహబూబ్, ఆగస్టు ఏది?"

"దొరకలేదు సార్." లేచి నిలబడ్డాడు. "నేనే కోసిన. ఇరవై నాలుగు. రద్దీల కలిసి బజ్జీల బండికి పోయినయ్. ఇరవై మూడు పట్టుకొచ్చిన. ఒకటి పోయింది."

వెంకటరామారావు కళ్లజోడు తీశాడు. ముఖం ఎర్రబడలేదు, పాలిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు. "బొమ్మలు చూసి కోశావా?"

నాలుగు రోజులుగా మహబూబ్ అలీ చెవుల్లో వినబడుతున్న మాట అదే. బయటి నుంచి వింటే ఇంత మెల్లగా ఉంటుందని అనుకోలేదు.

"ముప్పై ఏళ్లు దాచానయ్యా. ఇష్టం లేకపోతే ఈ పని పట్టనని చెప్పాల్సింది. మీ వాళ్లకు..." అని ఆగిపోయాడు.

"ఒక్క నిమిషం సార్," అంది సుజన. "మీరు తిరగలి ఎప్పుడూ ఇట్లాగే కోస్తారా అండీ?" మహబూబ్ అలీనే అడిగింది. "ఇటువైపు బైండు చేసిన సంపుటాలు మేము పదకొండు చూశాం. ఇల్లందులో, కొత్తగూడెంలో, ఈ ఊళ్లో కూడా. ఒక్కదానికీ వెనక అట్ట లేదు. వేలెడు అంచు వదిలి, ఇట్లాగే నిటారుగా కోసి ఉంది. వేరే జిల్లాల్లో దొరికిన సంవత్సరాలకు అట్టలు ఉన్నాయి. ఇక్కడే ఎందుకు లేవో తెలియకే, బైండు చేయని సంచికలు సార్ దగ్గరున్నాయంటే ఇంతదూరం వచ్చాం. అది మీ పనిలో ఏదన్నా రూలా? జిగురు పట్టకపోవడం లాంటిదా?"

వెంకటరామారావు తల ఎత్తాడు. ఆ ముఖంలో బిగువు సడలడం మహబూబ్ అలీకి కనబడింది. ఆయనకూ అదే కావాలి. అవ్ మేడం, మా కొట్టు రూలు అంటే చాలు. ఈ అమ్మాయే సాక్షి, పదకొండు పుస్తకాలు సాక్షి. పన్నెండు వందల సంచికలూ సోమవారానికి ఇల్లందు చేరతాయి. ఆ మాట నాలుక మీద నలభై ఏళ్లుగా ఉన్నదే.

అతను బల్ల మీద తెరిచి ఉన్న జనవరి అట్ట వైపు చూశాడు.

"జిగురు మంచిగనే పడ్తదమ్మా," అన్నాడు. "జూడు, ఎట్ల పట్టిందో. మా అబ్బా తీసిండు అవన్ని. షేక్ ఇమాం. ఆయన చేతికొచ్చిన ప్రతి తిరగలికి తీసిండు. తీసినయి రద్దీల వెయ్యలే, పొయ్యిల పెట్టిండు. నాకు జిగురు సంగతి చెప్పిండు. ఎందుకో తెల్వకనే నేను గూడ తీసిన. మొన్న శుక్కురారం తెలిసింది."

సుజన సంచిలోంచి నోటుపుస్తకం తీసి, పెన్ను మూత విప్పింది. "ఎందుకండీ?"

"సార్ చెప్తరు."

"నేనా?" అన్నాడు వెంకటరామారావు.

"ఇందాక చదివిండ్రు గదా సార్. అదే ఇంకోసారి చదవండి. ఈ మేడం రాసుకుంటది, ఎందుకు తీసిండో." చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "మిగిలిన పని ఇస్తరో ఇయ్యరో మీ ఇష్టం. ఇస్తే ఒక్క ఆకు గూడ తియ్యను. అన్ని ఉండాలె. చూసేటోళ్లు చూడాలె. ఇప్పుడైతే చదవండి."

రాఘవమ్మ పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. టీ మీద ఆవిరి పోయింది. వెంకటరామారావు కళ్లజోడు పెట్టుకున్నాడు. తీసి పంచె కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. సుజన పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

"గిన్నె ఇచ్చి మూడు రోజులైంది," అని మొదలుపెట్టాడు. పత్తి బేరగాళ్లతో మాట్లాడే మామూలు గొంతు. ఎక్కడా నరకకుండా, వంచకుండా, త్వరగా అయిపోవాలన్నట్టు. "నాకు పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు అమ్మగారూ..."

"ఆ గొంతు గాదు సార్," అన్నాడు మహబూబ్ అలీ.